కారు మెరుపూ, మన నమ్మకాలూ

కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం గురించి మనవాళ్ళు చాలా రాశారు. ఆ మాటే మళ్ళీ రాసి మీ సమయం వృథా చెయ్యను. నేను చెప్పబోయేది నిమ్మకాయలు తొక్కించని వాళ్ళ గురించి. అంటే మన గురించే.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. కిందటేడు ఒక సెకండ్‌హ్యాండ్ మారుతి స్విఫ్ట్ కొన్నాడు. 2013 నాటి పెట్రోలు బండి, వీఎక్స్ఐ, ఎరుపు రంగు. సూర్యాపేటలో ఉండే మా అక్క ఎంత పోరినా గుడి దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయించలేదు. "అంతా మేనమామ పోలికే" అని అక్క నన్ను కూడా కలిపి తిట్టింది. నాకు లోపల సంతోషమే. వారం తిరక్కుండా వాడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. కారుని "స్పోర్టీ"గా మార్చడానికి ఒక షాపువాళ్ళు ఇచ్చిన ఎస్టిమేటు అది.

అందులో ఉన్నవి ఇవి: 9హెచ్ సిరామిక్ కోటింగ్, ఎక్కువ గాలి పీల్చే ఎయిర్ ఫిల్టరు, మైలేజీ కోసం పెట్రోలు పైపుకి బిగించే అయస్కాంతం, టైర్లలో నైట్రోజన్, హెడ్‌లైట్లకి 100/90 వాట్ల బల్బులు, ముందు బంపరుకి ఉక్కు క్రాష్ గార్డు. మొత్తం 48 వేలు.

"పూజ దండగన్నావు, మానేశాను. ఇదంతా సైన్సే కదా మామయ్యా!" అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గరే ఆగాలి. ఒక వస్తువు మీద సైన్సు భాష రాసి ఉన్నంత మాత్రాన అది సైన్సు అయిపోతుందా? తాయెత్తు కట్టేవాణ్ణి "రుజువేది?" అని అడిగే మనం, అయస్కాంతం బిగించేవాణ్ణి ఎందుకు అడగం? వాడి దగ్గర ఏసీ గదీ, కంప్యూటర్ బిల్లూ ఉన్నాయనా?

ఈ మోజు ఎక్కణ్ణుంచి వచ్చింది

స్విఫ్ట్ మన దేశంలోకి 2005లో వచ్చింది. 1.3 లీటర్ల ఇంజనూ, 87 హార్స్‌పవరూ, తేలికైన శరీరమూ ఉన్న ఆ కారు అప్పటి కుర్రకారుని ఊపేసింది. అంతలో 2006 బడ్జెట్లో, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకి పన్ను తగ్గించారు. దాంతో కంపెనీలు ఇంజన్లని ఆ గీత లోపలికి కుదించుకున్నాయి. స్విఫ్ట్ కూడా 1.2 లీటర్లకి దిగింది. విదేశాల్లో అమ్మే స్విఫ్ట్ స్పోర్ట్ ఇక్కడికి రానే లేదు. అంటే, చూడటానికి చురుకైన కారుని మన చేతికిచ్చారు, లోపలి చురుకుని పన్ను మింగేసింది. ఆ ఖాళీలోనే ఈ షాపులు పెరిగాయి. కోరిక నిజమైనదే. దాన్ని నేను వెక్కిరించడం లేదు. నాకూ మెరిసే కారంటే ఇష్టమే.

మెరుపులో ఉన్న నిజం

కారు ఒంటి మీద ఇనుము పైన ప్రైమరు, దాని మీద రంగు, దాని మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, మన మోజంతా వెంట్రుక కన్నా పల్చని పొర మీద నడుస్తోందన్నమాట.

మా వాడి కారు బానెట్ మీద రాత్రి వీధిదీపం పడితే సాలెగూడు లాంటి వలయాలు కనిపించేవి. "గుండ్రంగా తుడిచారు సార్, అందుకే" అన్నాడట షాపువాడు. మీ కారు దగ్గర మీరే చూడండి. ఆ వలయాలు దీపం ప్రతిబింబం చుట్టూనే ఉంటాయి. రెండడుగులు పక్కకి జరిగితే అవీ మీతో పాటు జరుగుతాయి. నిజంగా గుండ్రటి గీతలైతే ఎలా జరుగుతాయి? గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. వాటిలో దీపం వెలుగుని మన కంటి వైపు తిప్పగలిగిన కోణంలో ఉన్నవే మెరుస్తాయి. అవన్నీ కలిసి వలయంలా కనిపిస్తాయి. కళ్ళారా చూసినంత మాత్రాన నిజం కాదనడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగం ఉండదు.

ఈ గీతలు ఎవరు పెట్టారు? అపార్ట్‌మెంట్లో నెలకింత అని తీసుకుని తెల్లవారుజామున కార్లు తుడిచే కుర్రాడి బకెట్టులో జవాబుంది. ఒక బకెట్టు నీళ్ళు, ఒక గుడ్డ, పది కార్లు. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకంటే ఎక్కువగా క్వార్ట్జ్, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7. క్లియర్ కోట్ దాని ముందు వెన్నపూస. దుమ్ము కడగకుండా గుడ్డతో రుద్దడమంటే రోజూ సన్నటి ఉప్పుకాగితం పెట్టినట్టే. కుర్రాణ్ణి అని లాభం లేదు. అతనికి పైపూ, నీళ్ళూ, సమయమూ ఇచ్చినవాళ్ళెవరు?

పాలిష్ అంటే ఈ గీతల్ని "నింపడం" అనుకుంటారు చాలామంది. అసలు పాలిష్ చేసేది అరగదీయడం. గీత అడుగు వరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని సమం చేస్తారు. ఒక్కో విడతకి ఒకటి రెండు మైక్రాన్లు పోవచ్చు, గట్టి కాంపౌండుతో అయితే ఇంకా ఎక్కువ. ఉన్నదే 40, 50. దాంట్లో పై భాగంలోనే ఎండని తట్టుకునే రసాయనాలు పనిచేస్తూ ఉంటాయి. కాబట్టి "సర్వీసుకి వచ్చిన ప్రతిసారీ రబ్బింగ్, పాలిషింగ్" అనేవాడు మీ కారుకి మెరుపు అమ్మడం లేదు, మీ క్లియర్ కోట్‌ని వాయిదాల్లో పట్టుకుపోతున్నాడు. కొందరు అరగదీయకుండా నూనెలున్న పాలిష్ పూసి గీతల్ని దాచేస్తారు. నాలుగు సార్లు కడిగేసరికి అవి మళ్ళీ పైకి తేలుతాయి. దీనికి పరీక్ష ఉంది: పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్ళతో పలుచన చేసి ఒక చోట తుడవమనండి. నూనె పోయాక గీత కనిపిస్తే అక్కడ జరిగింది పాలిష్ కాదు, మేకప్.

తొమ్మిది హెచ్

ఒకప్పుడు ప్రతి షోరూములోనూ "టెఫ్లాన్ కోటింగ్" అమ్మేవారు. టెఫ్లాన్ కరిగేది సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. దోసె పెనానికి దాన్ని అంటించడానికి బాగా కాల్చాల్సి వస్తుంది. మీ కారుని ఎవరూ కొలిమిలో పెట్టలేదు కదా! మరి షెడ్డులో గుడ్డతో పూస్తే అదెలా అతుక్కుంటుందని అడిగినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఆ కుర్చీలో సిరామిక్ కూర్చుంది. ఇది పూర్తిగా బూటకం కాదు. సిలికా ఆధారంగా తయారైన ఈ ద్రవం గట్టిపడి పల్చటి పొరగా నిలుస్తుంది. నీళ్ళు జారిపోతాయి, మురికి తొందరగా వదులుతుంది, పక్షుల రెట్టల నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఇంతవరకూ నిజం. గొడవంతా "గీతలు పడవు" అన్న దగ్గరే. రుజువుగా "9హెచ్ కాఠిన్యం" అని చూపిస్తారు. చాలామంది అది మోస్ కొలమానంలో 9 అనుకుంటారు. మోస్‌లో 9 అంటే కురువిందం, వజ్రానికి ఒక్క మెట్టు కింద. ఈ 9హెచ్ మాత్రం పెన్సిల్ పరీక్షలోది. మీరు స్కూల్లో వాడిన హెచ్‌బీ పెన్సిలు కుటుంబంలో అన్నిటికన్నా గట్టిది 9హెచ్. ఆ పెన్సిలుతో గీస్తే పొర మీద గీత పడలేదని దాని అర్థం. పెన్సిలు ముల్లు గ్రాఫైటూ, బంకమట్టీ కలిపి చేసినది. మన రోడ్ల మీద ఎగిరేది పెన్సిళ్ళా, ఇసుకా?

నీళ్ళు బొట్లుగా జారడం చూసి మురిసిపోయే వాళ్ళకి ఇంకో మాట. హైదరాబాదులో చాలా ఇళ్ళలో కారు కడిగేది బోరు నీళ్ళతో. ఆ నీళ్ళలో కాల్షియం లవణాలుంటాయి. నిలిచిన బొట్టు ఎండలో ఆరితే అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది. కోటింగ్ ఉన్నా సరే, గుడ్డతో తుడిచి ఆరబెట్టకపోతే బానెట్ నిండా చుక్కలే. మచ్చ కొత్తదైతే వెనిగర్ బాగా పలుచన చేసి తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగితే వదులుతుంది. ఆమ్లం కార్బొనేటుని కరిగిస్తుంది, అంతే.

ఫిల్టరు పందెం

ఎయిర్ ఫిల్టరు మారిస్తే "పికప్ తెలిసిపోతుంది" అని మా వాడి స్నేహితుడి నమ్మకం. అతనిదీ ఇలాంటి స్విఫ్టే. ఆ ఫిల్టరు వేయించుకుని రెండేళ్ళు అయింది. తెలిసిపోతే పరీక్ష పెడదాం అన్నాను.

షాద్‌నగర్ దగ్గర ప్లాట్లు వేసి వదిలేసిన ఒక వెంచరు ఉంది. తారురోడ్లు, రంగులేసిన రాళ్ళు, మనుషులు మాత్రం లేరు. ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళాం. షరతులు ముందే కాగితం మీద రాసుకున్నాం. మేమిద్దరం కారుకి దూరంగా వీపు తిప్పి నిలబడాలి. స్నేహితుడు రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే తన ఫిల్టరు, బొరుసు పడితే మామూలు కాగితం ఫిల్టరు పెట్టాలి. ఏది పెట్టాడో రాసుకుని జేబులో పెట్టుకోవాలి. ఫిల్టరు మార్చనవసరం లేకపోయినా డబ్బా విప్పి బిగించాల్సిందే. మా వాడు థర్డ్ గేరులో 30 నుంచి 60 దాకా కారుని లాగి, ఏ ఫిల్టరో చెప్పాలి. పక్కన కూర్చుని నేను స్పీడోమీటరుని ఫోనులో వీడియో తీస్తాను. నాకూ ఏ ఫిల్టరో తెలియదు కాబట్టి నా మొహం చూసి కనిపెట్టే వీలూ లేదు. పదిసార్లలో తొమ్మిది సరిగ్గా చెబితే ఫిల్టరు డబ్బులు నావి. గుడ్డిగా ఊహించి పదికి తొమ్మిదో పదో కొట్టే అవకాశం 1024లో 11, అంటే వందలో ఒకటికి కాస్త ఎక్కువ.

మొదటి మూడింటికీ వాడు క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పాడు. చివరికి కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే పదిలో సరైనవి నాలుగు. వీడియోలో సమయాలు సెకనులో పదో వంతు అటూ ఇటూ ఆడాయి తప్ప, ఫిల్టరుని బట్టి ఒక వైపుకి మొగ్గలేదు.

ఇందులో వింతేమీ లేదు. శుభ్రంగా ఉన్న కాగితం ఫిల్టరు గాలిని ఆపేది చాలా తక్కువ. మామూలుగా నడిపేటప్పుడు గాలిని అడ్డేది ఇంజను ముందుండే థ్రాటిల్ రేకు. దాన్ని మన కాలే సగం మూసి ఉంచుతుంది. పైగా లోపలికి ఎంత గాలి వెళ్తోందో లెక్కగట్టి దానికి తగ్గ పెట్రోలు చిమ్మే కంప్యూటరు ఉండనే ఉంది. టర్బో ఇంజన్లలో ఆ కంప్యూటరు లెక్కలు మార్చి నిజంగానే బలం పెంచవచ్చు, టర్బో నుంచి ఇంకాస్త గాలి ఒత్తిడి తీసుకోవచ్చు కాబట్టి. టర్బో లేని ఈ ఇంజనులో పిండుకోవడానికి మిగిలింది స్వల్పం.

"ఇక్కడ తెలియదు అంకుల్, హైవే మీద అయితే తెలుస్తుంది" అన్నాడు స్నేహితుడు. ఈ మాట మీరు ఎక్కడో విన్నట్టు లేదూ? పరీక్షించే చోట మహిమ పనిచెయ్యకపోవడం మనకి కొత్త కాదు.

అయస్కాంతం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పెట్రోలు అణువులు అయస్కాంతానికి చెప్పుకోదగ్గట్టు స్పందించవు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నూరుకి పైగా "పెట్రోలు ఆదా" పరికరాలని పరీక్షించింది. ఏదో కాస్త ఉపయోగం కనిపించినవి బహు కొద్ది. ఈ ఆశ ఎంత దూరం లాక్కెళ్తుందో మన పక్కనే చూశాం. తమిళనాడుకి చెందిన రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానని 1996లో దేశాన్నంతా తనవైపు తిప్పుకున్నాడు. మోసం కేసులో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ళ శిక్ష వేసేసరికి 2016 వచ్చింది. ఇరవై ఏళ్ళు!

నైట్రోజన్ అంటారా, మనం పీల్చే గాలిలోనే అది 78 శాతం ఉంది. మిగిలినది కూడా నైట్రోజనే అయితే గాలి కాస్త నెమ్మదిగా దిగవచ్చు. కానీ "నైట్రోజన్ కొట్టించాను, ఇక చూడక్కర్లేదు" అని ప్రెజరు చూడటం మానేసినవాళ్ళు నాకు తెలుసు. నిమ్మకాయ తొక్కించి నిశ్చింతగా ఉన్నవాడికీ వీళ్ళకీ తేడా ఎంత?

హాని చేసేవి

ఇప్పటిదాకా చెప్పినవి జేబుకి చిల్లు పెడతాయి, అంతే. చివరి రెండూ అలా కాదు.

ఈ కారు హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లది. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లు పెడితే 8 ఆంపియర్ల పైమాటే. వైర్లూ, స్విచ్చీ, హోల్డరూ అంత కరెంటు కోసం చేసినవి కావు, వేడెక్కి కరుగుతాయి. ఎదుటివాడి కళ్ళలో పడే వెలుగు సంగతి చెప్పనక్కర్లేదు. ఉక్కు క్రాష్ గార్డు పెడితే, గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బని మింగాల్సిన ముందు భాగం ఆ పని సరిగ్గా చెయ్యలేదు. దెబ్బ నేరుగా ఛాసిస్‌కి, అక్కణ్ణుంచి మనుషులకి అందుతుంది. రోడ్డు దాటే మనిషికి తగిలేది రేకు బదులు ఉక్కు కడ్డీ. అందుకే 2017 డిసెంబరులో కేంద్రం వీటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు కూడా చెప్పింది.

జాబితాలో లేనిది

ఎస్టిమేటులో టైర్ల ఊసే లేదు. టైరు పక్కన అండాకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. మా వాడి టైర్ల మీద 2317 అని ఉంది. 2017లో 23వ వారం తయారైనవి. అంటే ఎనిమిదేళ్ళవి. రబ్బరు గట్టిపడింది, గాళ్ళు అరిగి 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా వచ్చాయి. ఈ కారులో ఏబీఎస్ లేదు. వాడు ప్రతి శుక్రవారం రాత్రి విజయవాడ హైవే మీద అక్క దగ్గరికి వెళ్తాడు. ఆవిడ చేరేదాకా నిద్రపోదు.

లెక్క వేసి చూపించాను. గంటకి 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22.2 మీటర్లు. రోడ్డుకీ టైరుకీ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, బ్రేకు పట్టాక కారు 31 మీటర్ల పైచిలుకులో ఆగుతుంది. తడి రోడ్డు మీద అరిగిన టైర్లతో అది 0.5 అయిందనుకోండి, 50 మీటర్లు కావాలి. తేడా 19 మీటర్లు, సుమారు ఐదు స్విఫ్టుల పొడవు. ఇంకోలా చెప్పాలంటే, మొదటి కారు ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకి 49 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట లారీ ఉంటే?

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంపెనీ ఇదే కారు జెడ్ఎక్స్ఐ రకానికి ఇచ్చిన 185/65 ఆర్15 సైజుకి మారాడు. పాత 165/80 ఆర్14 వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, కొత్తది 621.5. స్పీడోమీటరు తప్పు చూపించదు, కారు కొంచెం స్పోర్టీగానూ ఉంటుంది. బ్రేకు ఆయిలు మార్పించాం. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 155కి దిగవచ్చు. పసుపు తిరిగిన హెడ్‌లైటు డోములని 800, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో రుద్ది, పాలిష్ చేసి, ఎండని ఆపే పూత పూశాం. పాత బల్బులతోనే రోడ్డు మళ్ళీ కనిపించింది. నన్నడిగితే ఒక కారు మీద చెయ్యదగ్గ అత్యుత్తమ పాలిష్ పని ఇదే.

తర్వాత రెండు ఆదివారాలు అద్దె మెషీనుతో బానెట్, తలుపులు మేమే పాలిష్ చేశాం. ఒక్కసారే, తేలికపాటి కాంపౌండుతో. ఎరుపు రంగు లోతుగా, కొత్తగా బయటపడుతూ ఉంటే ఇద్దరం టీ తాగుతూ చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. దానివల్ల మైలేజీ పెరగదు, ఆయుష్షు పెరగదు. బాగుంటుంది, అంతే. బాగుండటానికి వేరే కారణం చూపించాల్సిన పని ఏముంది?

ఆ వర్షాకాలంలో చిట్యాల దాటాక ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగిందట. వీడు లారీ వెనక రెండు గజాల దూరంలో ఆగాడు. "టైర్లే కాపాడాయి మామయ్యా" అని రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. నా చేతులు వణికాయి. అయినా ఆ మాట ఒప్పుకోలేదు. ఒక్క సంఘటనతో ఏదీ రుజువు కాదు. పాత టైర్లతో కూడా ఆగేవాడేమో! నిమ్మకాయలు తొక్కించినవాడు కూడా ఇలాంటి రాత్రి తర్వాత ఇదే మాట అంటాడు. టైర్లు మార్చడానికి కారణం ఆ రాత్రి కాదు, అంతకు నెల ముందు వేసిన లెక్క.

మీ కారు పార్కింగులోనే ఉంటే ఒకసారి కిందికి దిగి ఆ నాలుగంకెలు చదివి రండి.